నాలుగో గొట్టం

ఐత్ ఊఫెల్లా,
1996 అక్టోబరు 7

తూదా తల్లికి,

నీ మామ బెన్నాసర్ దీవెనలు. ఇక్కడ అందరం అల్లా దయవల్ల తిరుగుతున్నాం, తింటున్నాం, పోట్లాడుకుంటున్నాం. రేపు మంగళవారం సంత. సంత లారీ అబ్బాస్ ఈ ఉత్తరం పట్నంలో డబ్బాలో వేస్తానన్నాడు.

మీ బృందం వెళ్ళి మూడు వారాలైంది. డేరాలు వేసిన చోట గడ్డి ఇంకా లేవలేదు. తెప్పకి కట్టిన పీపాలు రెండు మీవాళ్ళు ఇక్కడే వదిలేశారు. మీ అత్తయ్య ఇజ్జా ఒకదాంట్లో బార్లీ పోసేసింది. రెండోది కూడా తనదేనట. ఎవరైనా అడిగితే లేవని చెప్పమంది. నేను అబద్ధం చెప్పనన్నాను. "అబ్బో, ఈయనొక్కడూ పుట్టాడు నిజం చెప్పడానికి!" అని మూతి తిప్పుకుంది.

ఈ నెల సరస్సు లోతు పదిహేడు బారలు. ఇరవై రెండేళ్ళుగా కొలుస్తున్నాను గదా, మొత్తం మీద రెండున్నర బారలు తగ్గింది. పుస్తకంలో రాసి అడవి కచేరీకి పంపాను. వాళ్ళు చదవరు, అది వేరే సంగతి.

ఒకటి అడుగుతాను తల్లీ. సరస్సు అడుగునుంచి మీరు తీసిన ఆ బురద గొట్టాలు రబాత్ దాకా బాగానే చేరాయా? అన్నీ? దారిలో ఏమైనా అటూ ఇటూ అయ్యాయా? ఊరికే అడుగుతున్నాను. వెళ్ళే రోజున మీ ప్రొఫెసర్ నా భుజం తట్టి, "గుడ్లు మోసినట్టు మోశాడయ్యా ఈయన" అన్నారు చూడు, ఆ మాట గుర్తొస్తే నాకు తిన్నది అరగడం లేదు.

చలి మొదలైంది. ఉన్ని మేజోళ్ళు పంపిస్తున్నాను. పొడుగు తక్కువయ్యాయని మీ అత్తయ్యని తిట్టకు, ఉన్ని చాల్లేదు.

నీ మామ,
బెన్నాసర్


రబాత్,
1996 నవంబరు 2

మామయ్యా,

మేజోళ్ళు అందాయి. వేసుకునే రాస్తున్నాను. అత్తయ్య చేతులకి ముద్దులు.

తిన్నది అరగడం లేదని రాశావే, అక్కడ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నాకు తెలుసు. ఆ రోజు ప్రొఫెసర్ లహ్‌లూ గారు "ఈయన నీకు తెలుసా?" అని అడిగితే, "మా ఊరి పడవ మనిషి" అన్నాను. నువ్వు రెండడుగుల దూరంలో తాడు చుడుతున్నావు. విన్నావు. తల ఎత్తలేదు.

అమ్మ పోయాక మోకాలి లోతు మంచులో నన్ను భుజాల మీద బడికి మోసింది నువ్వు. పలక మీద అంకెలు దిద్దించింది నువ్వు. అలాంటి నిన్ను ఎందుకు కాదన్నానంటే చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ పొద్దున నువ్వు టీ జుర్రుతున్న చప్పుడుకి బృందంలో ఇద్దరు మొహాలు చూసుకుని నవ్వారు. ఒక గ్లాసు టీ చప్పుడుకి నేను మేనమామని వదిలేశాను. నన్ను క్షమించు. ఆ మాట ఇక ఎత్తను, నువ్వు కూడా మనసులో పెట్టుకోకు.

గొట్టాలన్నీ బాగానే చేరాయి. ఎర్రమూత పైకొస, తెల్లమూత అడుగుకొస. ఆ లెక్కన బల్ల మీద వరసగా పడుకోబెట్టి నిలువునా చీలుస్తాం. లోపల ఎలా ఉంటుందనుకున్నావు? అత్తయ్య నేసే చారల కంబళి! ఎండాకాలంలో సరస్సులో సున్నం విరిగి అడుక్కి దిగుతుంది, అది తెల్లచార. చలికాలంలో కుళ్ళిన ఆకూ నాచూ దిగుతాయి, అది నల్లచార. తెలుపూ నలుపూ కలిస్తే ఒక ఏడు. నీరు తగ్గిన ఏళ్ళలో తెల్లచార లావెక్కి ఒడ్డు ఇసుక కలుస్తుంది. మన ముత్తాతలకి కూడా తెలియని కరువులు అక్కడ రాసి ఉన్నాయి.

అన్నిటికన్నా నాలుగో గొట్టం బంగారం. దాదాపు ఏడువందల ఏళ్ళ కిందట మన సరస్సు నూట నలభై ఏళ్ళపాటు మెల్లగా తగ్గుతూ వచ్చిందట. తరవాత, కేవలం తొమ్మిదేళ్ళలో మళ్ళీ నిండిపోయింది. తొమ్మిదేళ్ళు, మామయ్యా! ప్రొఫెసర్ గారు బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఇది నిలబడితే నాకు ఇక్కడే ఉద్యోగం.

నీ తూదా


ఐత్ ఊఫెల్లా,
1996 నవంబరు 25

తల్లీ,

టీ సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. నిజం చెప్పాలంటే నేనసలు వినలేదు. ఆ సమయానికి నా బుర్ర ఇంకో చోట ఉంది. నువ్వు అంత బాధపడి రాస్తే నాకే మొహం చెల్లడం లేదు. నువ్వు క్షమించమని అడగాల్సిన మనిషిని కాను నేను.

ఒక మాట. ఎర్రమూత పైకి అన్నావు. అన్ని గొట్టాలకీ అంతేనా? ఎవరైనా మార్చి పెట్టే వీలుందా? నాలుగో దాన్ని ఇంకోసారి చూడు. సరస్సు అవతలి పక్క కూడా మీరు బురద తీశారు గదా, దాంట్లో ఈ తొమ్మిదేళ్ళ మాట ఉందేమో చూడు. ఒక్క గొట్టాన్ని నమ్ముకుని పెద్ద మాట అనకు. ఇంతకన్నా నాకు రాయడం చేతకావడం లేదు.

ఇక్కడ వేరే గొడవ మొదలైంది. పై మైదానంలో హాజ్ మీమూన్ ఆపిల్ తోట తెలుసుగా, దాన్ని నాలుగింతలు చేస్తాడట. సరస్సు ఒడ్డున ఆరు పంపులు పెట్టడానికి అనుమతి అడిగాడు. మన ప్రాంతపు అధికారి ఖాయిద్ కచేరీలో కమిటీ వేశారు. ఊరివాళ్ళు నా లోతు పుస్తకం తీసుకెళ్ళి చూపించారు. "ఇరవై రెండేళ్ళలో రెండున్నర బారలు పోయింది, పంపులు పెడితే కింద ఊటలు ఎండిపోతాయి, గొర్రెలు ఏం తాగుతాయి?" అని గట్టిగానే అడిగారు. హాజ్ మనిషి నవ్వి, "రబాత్‌లో చదువుకున్నవాళ్ళు సరస్సు అడుగు చూశారట, వాళ్ళనే అడుగుదాం" అన్నాడు.

నేను వెనక వరసలోంచి లేచి బయటికి వచ్చేశాను.

మామ


రబాత్,
1997 జనవరి 12

మామయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయకుండా ఉన్నాను, కోపంలో రాయకూడదని. కోపం తగ్గలేదు, అందుకని రాస్తున్నాను.

నాలుగో గొట్టం వద్దు, ఇంకోటి చూడు, పెద్ద మాట అనకు. ఎవరు చెప్పించారు ఇవన్నీ నీ చేత? ఊరి పెద్దలేనా? పంపులు వస్తాయని వాళ్ళ భయం, నాకు అర్థమవుతుంది. ఆ భయం కోసం బురదలో ఉన్నదాన్ని నేను మార్చి రాయలేను. హాజ్ మీమూన్‌కి పనికొస్తుందా, గొర్రెలకి పనికొస్తుందా అని చూసుకుని సున్నం విరగదు.

అవతలి పక్క తీసిన బురద అడగకుండానే చూశాం. అది ఇక్కడి లెక్కతో కలవడం లేదు. అక్కడ వాగు వచ్చి కలుస్తుంది కాబట్టి చారలు చెదిరి ఉంటాయని రాశాం. ఇరవై రెండేళ్ళు తాడుతో కొలిచావు, కాదనను. కానీ మామయ్యా, నీళ్ళు నీకు తెలిస్తే అడుగు నాకు తెలుసు.

కమిటీ మమ్మల్ని నివేదిక అడిగింది. నేనే రాశాను. "ఈ సరస్సు ఎంత తగ్గినా పదేళ్ళలోపు కోలుకునే గుణం కలది" అని ఉంది అందులో. కింద మొదటి సంతకం నాది.

టీ మాట మనసులో పెట్టుకుని ఇలా రాశావేమోనని కూడా అనిపించింది. అలా అయితే నేరుగా తిట్టు, పడతాను.

తూదా


ఐత్ ఊఫెల్లా,
1997 ఫిబ్రవరి 3

తూదా,

ఎవరూ చెప్పించలేదు. నేను చెప్పాల్సింది చెప్పకుండా నీళ్ళు నమిలాను, అంతే. ఇప్పుడు చెబుతాను. చదివి కాగితం చింపినా సరే.

ఆఖరి రోజు, సామాను రోడ్డు మీదికి చేర్చేటప్పుడు, మీరంతా బండి దగ్గరున్నారు. కంచరగాడిద మీద చివరి మోత నేనొక్కణ్ణే తెచ్చాను. వాగు దాటేచోట దాని కాలు జారింది. ఒక గొట్టం రాయికి తగిలి నిలువునా పగిలింది. రెండు మూతలూ ఊడి నీళ్ళలో పడ్డాయి. లోపలి బురద ముక్క చెదరకుండా జారి జీను కంబళి మీద పడింది, ఇంత పొడుగున, దూడలా పడుకుని ఉంది. అది నాలుగోది.

మీ ప్రొఫెసర్ మొహం గుర్తొచ్చింది. అంతకన్నా నీ మొహం గుర్తొచ్చింది. మా ఊరివాళ్ళు ఇంతేనని అందరి ముందూ నీకు తల కొట్టేసినట్టవుతుందని భయపడ్డాను. మీరు పారేసిన ఖాళీ గొట్టం ఒకటి మోతలో ఉంది. బురదని మెల్లగా అందులోకి తోశాను. ఏ కొస పైదో నాకు తెలుసు, గోనెపట్టా ముడి ఉన్న వైపు. అందులో పొరపాటు లేదు. తరవాత మూతలు నీళ్ళలోంచి ఏరి పెట్టాను. గొట్టం మీద నాలుగు అంకె వేశాను. పట్టా చుట్టి తెచ్చి ఇచ్చాను.

మూతలు బిగించేది తెప్ప మీద మీవాళ్ళు. నాకు అందేసరికి పట్టా చుట్టి ఉండేవి. ఏ రంగు ఎటో నేనెప్పుడూ చూడలేదు. నా లోతు తాడు నీకు తెలుసుగా. రాయి కట్టిన కొసకి ఎర్రగుడ్డ, చేతిలో ఉండే కొసకి తెల్లగుడ్డ. నల్లటి నీళ్ళలోంచి లాగేటప్పుడు ఎరుపు కనబడితే రాయి వచ్చేసిందని తెలియాలి కాబట్టి అలా కడతాం. ఇరవై రెండేళ్ళుగా నాకు ఎరుపంటే అడుగు. ఎర్రమూత అడుగుకొసకి పెట్టేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎర్రమూత పైకి" అని నువ్వు రాసిన రోజున తెలిసింది నాకు, ఏం చేశానో. అప్పుడైనా చెప్పొచ్చు. నాలుగో గొట్టం బంగారం అన్నావు, ఉద్యోగం అన్నావు. ఎలా చెప్పను?

అది తలకిందులైతే నీ లెక్క కూడా తలకిందులే గదా. సరస్సు తొమ్మిదేళ్ళలో పడిపోయి, లేవడానికి నూట నలభై ఏళ్ళు పట్టిందన్నమాట. పంపులు పెడితే అది మళ్ళీ నిండడం నా పిల్లల పిల్లలు కూడా చూడలేని పని. మీ అత్తయ్యకి నిన్ననే చెప్పాను. ఆవిడ ఎప్పుడూ లేనిది, మూతి కూడా తిప్పకుండా వెళ్ళి పొయ్యి రాజేసింది. తిట్టినా బావుండేది.

మామ


రబాత్,
1997 మార్చి 1

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. కమిటీకి సవరణ పంపాను. పంపులకి అనుమతి ఆగుతుంది, నువ్వు దిగులుపడకు. ప్రొఫెసర్ గారు మొదట మండిపడ్డారు, తరవాత "మన తప్పు కాదుగా" అని శాంతించారు. నా ఉద్యోగం మాట అలాగే ఉంది.

నకలు జతచేస్తున్నాను. ముఖ్యమైన వాక్యం ఇది: "రవాణాలో స్థానిక పడవ మనిషి ఒకరు తన అజ్ఞానం వల్ల నాలుగో గొట్టాన్ని తలకిందులు చేసినందున, ప్రయోగశాలలో గుర్తించడం సాధ్యం కాని ఈ పొరపాటు మా నివేదికలోకి వచ్చింది."

అలా రాయక తప్పలేదు. కచేరీ భాష అలాగే ఉంటుంది. నీ పేరు వేయలేదు.

తూదా


ఐత్ ఊఫెల్లా,
1997 ఏప్రిల్ 14

తల్లీ,

పేరు వేయకపోయినా ఈ సరస్సు మీద పడవ ఒక్కటే ఉంది.

పోయిన గురువారం కమిటీ కూర్చుంది. నన్ను పిలిపించారు. గుమస్తా నీ కాగితం అరబిక్‌లో చదివి, తరవాత ఊరివాళ్ళ కోసం మన భాషలో చెప్పాడు. "ఇది నీ పనేనా?" అని ఖాయిద్ అడిగాడు. నాదే అన్నాను. కప్పిపుచ్చింది కూడా నేనే అన్నాను. అంతా విన్నారు. మా వీధివాళ్ళు నేల చూపులు చూశారు. ఇంతవరకు నాకు న్యాయమే జరిగింది, నేనేం అనను.

అప్పుడు హాజ్ మీమూన్ మనిషి లేచాడు. "అయ్యా, నాలుగో గొట్టం పోయింది, ఒప్పుకుంటాం. మరి ఏది పైనో ఏది కిందో తెలియని మనిషి రాసిన లోతు పుస్తకం మాత్రం ఎలా ఉంచుతారు? అజ్ఞాని అని రబాత్ వాళ్ళే రాశారుగా!" అన్నాడు. వెనకనుంచి ఎవడో "తాడు కూడా తలకిందులుగా వేశాడేమో" అన్నాడు. గది గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏం చేయాలో తెలియక. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కోస్తోంది.

పుస్తకం పక్కన పెట్టేశారు. ఇరవై రెండేళ్ళు, నెలకొకటి, ఒక్క నెల వదల్లేదు. మీ అమ్మ పోయిన నెల కూడా వదల్లేదు. తాడూ పడవ తాళమూ అడవి కచేరీవాళ్ళు తీసుకెళ్ళారు. సరస్సు తగ్గుతోందని చెప్పడానికి ఇప్పుడు కమిటీ ముందు ఏ కాగితమూ లేదు. జూన్ పదిన మళ్ళీ కూర్చుని పంపుల సంగతి తేల్చేస్తారు.

నీ మీద కోపం లేదు. చేసింది నేను. ఒక్కటి మాత్రం అడుగుతాను, తెలియకే అడుగుతున్నాను. గుర్తించడం సాధ్యం కాదని రాశావు. బురదలో అన్నీ రాసి ఉంటాయంటావు గదా. ఏ కొస పైదో మాత్రం రాసి ఉండదా?

మీ అత్తయ్య నిన్ను అడిగింది. నిజంగానే అడిగింది.

మామ


రబాత్,
1997 మే 4

మామయ్యా,

రాసి ఉంటుంది.

మొదటి వారంలో నేర్పేది అదే. ఎండ ముదరగానే సున్నం ఒక్కసారిగా పడుతుంది, కాబట్టి తెల్లచార కింది అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. పై అంచు మెల్లగా నలుపులోకి కలిసిపోతుంది. పిల్లలకి చూపించినా ఏది పైనో చెప్పేస్తారు. నాలుగో గొట్టంలో పదును అంచులన్నీ పైకి ఉన్నాయి. భూతద్దంలో చూశాను. ఒక చార కాదు, రెండు వందల చారలు చూశాను. అద్దం తీసి పక్కన పెట్టి, లోతులో నీళ్ళు కదిలి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంకోటి ఉంది. దీన్ని రాయడానికి మూడు కాగితాలు చింపాను. గొట్టం మీది నాలుగు అంకె నీ చేతిరాతేనని పట్టా విప్పిన రోజే పోల్చాను. నువ్వు దిద్దించిన అంకె అది, కాలు బారుగా కిందికి లాగి చివర చిన్న కొక్కెం వేస్తావు. నేనూ అలాగే వేస్తాను. దారిలో ఏదో జరిగిందని, నువ్వు దాస్తున్నావని అప్పుడే తెలుసు. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నువ్వు ఏం అడుగుతున్నావో కూడా తెలుసు. టీ చప్పుడు గురించి అంత పొడుగున ఏడ్చి ఎందుకు రాశాననుకున్నావు? ఆ సిగ్గు నిజమే. కానీ దాన్ని ముందుకు తోసి, దాని వెనక ఇది దాచాను. నువ్వు ఇక అడగకుండా ఉండాలని. నువ్వు అడుగుతూనే ఉన్నావు, అప్పుడు కోప్పడ్డాను.

నువ్వు దాచింది నాకు తలవంపులు రాకూడదని. నేను దాచింది ఉద్యోగం కోసం. చివరికి అజ్ఞానం అనే మాట నీకు అంటగట్టి, గుర్తించడం సాధ్యం కాదని సంతకం పెట్టాను. ఆ వాక్యంతో నీ పుస్తకం కూడా పోతుందని తట్టనే లేదు. తట్టినా పెట్టేదాన్నేమో. ఇవాళ అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను.

నిన్న కూర్చుని రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి కమిటీకి. తప్పు బురదలోనే కనబడుతోందని, నేను చూసి కూడా దాచానని, నా మేనమామ బెన్నాసర్ తనంతట తానే నిజం చెప్పినా దాన్ని వంకరగా రాశానని. అవతలి పక్క బురద మొదటినుంచీ సరైన మాటే చెబుతోందని, సరస్సు కోలుకోవడానికి నూట నలభై ఏళ్ళు పట్టిందని. తెప్ప మీద మా యంత్రం చూపిన లోతులు పదకొండూ ఆయన తాడు లెక్కతో జానెడు తేడా లేకుండా సరిపోయాయని, అంకెలతో సహా. ఆ పుస్తకాన్ని తిరిగి చేర్చుకోమని అడిగాను. జూన్ పదో తారీఖున వచ్చి ఇదంతా అదే గదిలో నిలబడి నా నోటితో చెబుతానన్నాను.

రెండోది ప్రొఫెసర్ గారికి. అది చదివాక ఆయన నన్ను ఈ గదిలో ఉంచరు. ఉంచకూడదు కూడా.

నీకు రాసే ఈ ఉత్తరం ముందుగా వేయాలనుకున్నాను. వేస్తే నువ్వేమంటావో నాకు తెలుసు. "చిన్నపిల్లవి, బతుకు పాడుచేసుకోకు, నా పరువు ఎలాగూ పోయింది, ఆ తప్పు నా మీదే ఉండనీ" అని సంత లారీకి ఆగకుండా నడిచి వెళ్ళి తంతి కొట్టిస్తావు. నువ్వు అలా అంటే నేను వింటాను, మామయ్యా. హాయిగా వింటాను. అందుకని పొద్దున్నే వెళ్ళి ఆ రెండు కవర్లూ డబ్బాలో వేసి వచ్చి, అప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను.

తూదా